ఒకచోట బిగుసుకుంటుంది, ఒకచోట వేలాడుతుంది: కొత్త చైన్ రంపంతో తంటా

ఉద్దానం ప్రాంతం నుంచి ఒక జీడి రైతు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు మూడెకరాల జీడితోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను సగం చెట్లను పడగొట్టింది. అప్పుడు పడిన చెట్లు కోయించడానికి మిషన్ల వాళ్ళ చుట్టూ తిరగలేక నానా అవస్థలు పడ్డారట. మిగిలిన చెట్లు ముసలివై, కాండం తొలిచే పురుగు పట్టి ఒక్కొక్కటిగా ఎండిపోతున్నాయి. వాటిని తీసేసి తొలకరికి కొత్త అంట్లు నాటాలని, ఈసారి ఎవరి మీదా ఆధారపడకూడదని 12 వేలు పెట్టి 58 సీసీ పెట్రోల్ రంపం కొన్నారు. పెట్టెలో వచ్చిన బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడుగు పట్టీ, మరీ పొడుగు, కిందికి వాలిన జీడికొమ్మల మధ్య తిప్పడం కష్టమని షాపులోనే 18 అంగుళాల బార్ వేయించుకున్నారు.

మొదటి రోజు నుంచీ చైన్ పేచీ పెడుతోంది. "చేత్తో లాగితే కొంత దూరం హాయిగా కదులుతుంది, ఇంకాస్త లాగేసరికి పట్టేస్తుంది, మళ్ళీ వదిలేస్తుంది" అని రాశారు. లూజుగా ఉన్న చోట చూసి బిగిస్తే ఇంజిన్ మూలుగుతూ బార్ నుంచి పొగ వస్తోంది. టైటుగా ఉన్న చోట చూసి వదిలితే చైన్ బార్ కింద వేలాడుతోంది. అలా రెండుసార్లు జారి బయటికి వచ్చేసింది కూడా. షాపాయన్ని అడిగితే "కొత్త చైన్ అంతేనండి, వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్నాడు. ఈయన మావయ్య ఊళ్ళో అద్దెకు చెట్లు కోసే మనిషి. ఆయనేమో "చైన్ ఒక పక్క సాగింది, రెండో పక్క సాగలేదు. గట్టిగా బిగించి కొయ్యి, అదీ సాగి సమానమవుతుంది" అంటున్నారు. "ఆయన నాకు పని నేర్పిన మనిషి. కాదంటే నొచ్చుకుంటారు. వింటే మిషన్ పోతుందేమోనని భయం. ఎవరి మాట వినాలి?" అన్నది ప్రశ్న.

సమాధానం:

ముందుగా, ఈ తేడా ఎక్కడిదో తేలేదాకా ఆ రంపాన్ని చెట్టుకు ఆనించకండి. వేగంగా తిరిగే చైన్ జారితే కిందనుంచి వెనక్కి, మీ కుడిచేతి వైపు విసురుగా వస్తుంది. దాన్ని ఆపడానికి బార్ మొదట్లో కింద చైన్ క్యాచర్ అని చిన్న కొక్కెం ఉంటుంది. రెండుసార్లు జారిందన్నారు కదా, అది విరిగిందేమో చూడండి. విరిగి ఉంటే చైన్ సంగతి ఎలా తేలినా సరే, అది మార్చకుండా మిషన్ స్టార్ట్ చేయొద్దు.

ఇక మావయ్య గారి మాట. అందులో సగం నిజం ఉంది. కొత్త చైన్ మొదటి రోజు వదులవుతుంది. ఇనుము సాగడం కాదు గానీ, ప్రతి రివెట్టూ దాని రంధ్రంలో కాస్త ఒరుసుకుని కుదురుకుంటుంది. అన్ని రివెట్ల దగ్గరా వచ్చిన ఆ పిసరంత తేడా కలిసి చైన్ పొడవు పెరుగుతుంది. అయితే ఒక పక్క సాగి రెండో పక్క సాగకపోవడం వల్ల ఇంత తేడా రాదు. చైన్ ఒక చుట్టు. ఆ చుట్టు మొత్తం పొడవు, మీరు ఎంత తిప్పినా, ఏ లింకు ఎక్కడున్నా, అంతే ఉంటుంది. సాగిన భాగం బార్ పైన ఉంటే లూజు, కింద ఉంటే టైటు అయ్యే వీల్లేదు. చైన్ తిరుగుతుండగా బిగువు ఇంతగా మారుతోందంటే వంగాల్సిన చోట ఏదో లింకు సరిగా వంగడం లేదు, లేదా చైన్ చుట్టుకునే చక్రాల్లో ఒకటి గుండ్రంగా తిరగడం లేదు. గట్టిగా బిగించినంత మాత్రాన ఈ రెండింటిలో ఏదీ బాగుపడదు. పైగా ఆ బిగువంతా బార్ ముక్కు మీద, క్లచ్ లోపలి బేరింగ్ మీద, ఇంజిన్ షాఫ్టు మీద పడుతుంది. మీరు చూసిన పొగ అదే.

షాపాయన మాట కూడా కొంతవరకు నిజమే. ఇంజిన్ వైపు చైన్‌ని తిప్పే స్ప్రాకెట్ పళ్ళ చక్రం కాబట్టి ఏ చైన్‌లోనైనా, ఎంత ఖరీదైన మిషన్‌లోనైనా, బిగువులో కాస్త హెచ్చుతగ్గులు ఉంటాయి. ఎంతవరకు మామూలో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. టైటుగా ఉన్న చోట చూసి సరిగ్గా అమర్చండి. తర్వాత లూజుగా ఉన్న చోటికి తెచ్చి, బార్ కింది వైపు మధ్యలో చైన్‌ని వేలితో కిందికి లాగండి. చైన్ కింద కొక్కేల్లా ఉండి బార్ అంచు గాడిలోకి దిగేవి డ్రైవ్ లింకులు. లాగినప్పుడు వాటి కొసలు ఇంకా గాడిలోనే ఉండి, వదలగానే చైన్ టక్కున వెనక్కి అతుక్కుంటే భయం లేదు, వాడుకోవచ్చు. కొసలు గాడి దాటి బయటికి వస్తే అది మామూలు తేడా కాదు. వేలాడుతోందని, జారిందని మీరే రాశారు కాబట్టి మీది రెండో రకమే అనుకుంటున్నాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాటను మీరు మూడో పేజీలో ఒక్క ముక్కలో దాటేశారు: "18 అంగుళాల చైన్ రెడీగా లేదని చుట్టలోంచి కోసి, నా ఎదురుగానే సుత్తితో కొట్టి కలిపి ఇచ్చాడు." చుట్ట నుంచి కోసి ఇవ్వడంలో తప్పులేదు, చాలా షాపుల్లో అదే పద్ధతి. కానీ కలిపే రివెట్టును తిప్పి నొక్కే చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. అది లేక సుత్తితో కొడితే దెబ్బ కాస్త ఎక్కువ పడినా రివెట్టు తల అణిగి లింకులను కరిచేస్తుంది. ఆ కీలు ఇక స్వేచ్ఛగా వంగదు. బార్ మీద తిన్నగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. ముక్కు దగ్గరో స్ప్రాకెట్ దగ్గరో వంపు తిరిగేటప్పుడు మాత్రం వంగనని మొరాయిస్తుంది, చైన్ మొత్తం బిగుసుకుంటుంది. మీరు చెప్పిన లక్షణాలకు ఇది సరిపోతుంది. అయినా ఇదే కారణమని ఇక్కడ కూర్చుని తేల్చలేను. తేల్చే పరీక్ష మీ చేతిలోనే ఉంది.

దీనికి ఇంజిన్ అక్కర్లేదు. ప్లగ్గు క్యాపు పీకేయండి. చైన్ బ్రేకు వదిలి ఉండాలి, అంటే ముందున్న గార్డు హ్యాండిల్ వైపుకి లాగి ఉండాలి. మందపాటి చేతి తొడుగులు వేసుకోండి, ఆగి ఉన్న చైన్ కూడా చెయ్యి కోస్తుంది. టైటు చోటికి తగ్గట్టు బిగువు అమర్చుకున్నాక, బార్ పైన చైన్ కవర్ లోంచి బయటికి వచ్చే చోటును గుర్తుగా పెట్టుకుని, చైన్‌ని ముక్కు వైపుకి నెమ్మదిగా లాగండి. పట్టేసిన ప్రతిసారీ ఆ గుర్తు దగ్గరున్న లింకు మీద చుక్క పెట్టండి. నూనె చైన్ మీద సుద్ద నిలవదు, ఇంట్లో గోళ్ళ రంగు ఉంటే అది వాడండి. పట్టేసిన చోటుకీ మళ్ళీ పట్టేసిన చోటుకీ మధ్య ఎన్ని డ్రైవ్ లింకులు పోయాయో లెక్కపెట్టండి. ఇలా చైన్ మూడు నాలుగు చుట్లు తిరగాలి.

ప్రతి చుట్టులోనూ అదే లింకు దగ్గర పట్టేస్తుంటే జబ్బు చైన్‌ది. ఒకే చుట్టులో రెండు చోట్ల, ఇంచుమించు సగం దూరంలో, పట్టేసినా చైన్‌దే కావచ్చు. బిగుసుకున్న కీలు ఒకసారి ముక్కు దగ్గర, ఒకసారి స్ప్రాకెట్ దగ్గర వంగాలి కదా. అలా కాకుండా చుక్కలు దగ్గర దగ్గరగా, సమాన దూరాల్లో పడుతుంటే చక్రాన్ని అనుమానించాలి. ఈ తరహా మిషన్ల స్ప్రాకెట్‌కు సాధారణంగా 7 పళ్ళుంటాయి. ప్రతి 7 డ్రైవ్ లింకులకు, అంటే చైన్ పిచ్ (లింకుల కొలత) .325 అంగుళాలు అయితే దాదాపు పదకొండున్నర సెంటీమీటర్లకు ఒకసారి పట్టేస్తుంటే స్ప్రాకెట్ లేదా అది ఉన్న క్లచ్ డ్రమ్ము ఒంకరగా తిరుగుతోందన్నమాట. రిమ్ము ఒంగిన సైకిలు చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట బ్రేకు కట్టెకు రాసుకున్నట్టే ఇదీ. ముక్కు చక్రానికి పళ్ళు ఇంకా ఎక్కువ ఉంటాయి కాబట్టి దూరం అంతకంటే పెరిగితే ముక్కును చూడాలి.

మీ బార్ మీద 72 అని ముద్ర ఉందని రాశారు. అవి డ్రైవ్ లింకులు. 7తో భాగిస్తే 72 సరిగ్గా తెగదు, 2 మిగులుతుంది. అందువల్ల ప్రతి చుట్టులోనూ ఒకే లింకు ఒకే పన్ను మీదికి రాదు. మూడు చుట్లు తిరిగినా చుక్క అదే లింకు మీద పడుతోందంటే స్ప్రాకెట్‌కు ఆ పాపంలో వాటా లేనట్టే. లెక్క ఇలా కలిసిరావడం మీ అదృష్టం. 70 లింకుల చైన్ అయితే ఈ తేడా పట్టడం ఇంత తేలిక కాదు.

చైన్ అని తేలితే దాన్ని విప్పి బల్ల మీద పరిచి ఒక్కో కీలునూ వేళ్ళతో అటూ ఇటూ వంచి చూడండి. మంచి కీలు తన బరువుకే వాలిపోతుంది. చెడ్డది వంచిన చోటే మొండిగా నిలబడుతుంది. షాపులో కలిపిన రివెట్టు తలలు మిగతా వాటికంటే చదునుగానో కొత్తగా మెరుస్తూనో ఉంటాయి, ముందు అక్కడ చూడండి. చేతిలో చైన్ ఉన్నప్పుడే ఇంకొకటి కూడా గమనించండి. కోసే పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వరసగా ఉంటాయి. 1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో జో కాక్స్ అనే కలప కోతగాడు మొద్దులో ఒక పురుగు కుడికీ ఎడమకీ కొరుక్కుంటూ పోవడం చూసి ఈ పన్ను తయారుచేశాడు. మీ జీడిచెట్లను లోపలినుంచి తింటున్నదీ అదే కుటుంబానికి చెందిన పొడుగు మీసాల పెంకుపురుగు పిల్లే. మీ తోటలో దానికి గౌరవం దక్కదని తెలుసు, ఊరికే చెప్పాను.

విషయానికి వస్తే, చైన్ రెండుసార్లు జారిందన్నది మరిచిపోకండి. జారినప్పుడు తిరుగుతున్న స్ప్రాకెట్ డ్రైవ్ లింకుల పక్కలను చెక్కేస్తుంది. అక్కడ అంచులు లేచి, ఆ లింకులు గాడిలో ఇరుక్కుంటాయి. అంటే మొదట ఒకచోటే ఉన్న బిగువు ఇప్పుడు నాలుగైదు చోట్ల కనిపించవచ్చు. పరీక్షలో చుక్కలు గందరగోళంగా పడితే కారణం ఇదేనేమో చూడండి. గోరుతో రాస్తే తగిలే చిన్న అంచులైతే చదును ఆకురాయితో మెల్లగా రుద్దితే పోతాయి. లింకు చెక్కుకుపోయి వంకర తిరిగి ఉంటే ఆ చైన్ ఇక వద్దు.

చైన్ తీశాక ముక్కు చక్రాన్ని పుల్లతో తిప్పండి, గరగర లేకుండా తిరగాలి. గాడిలో పొట్టు ఉంటే సన్నటి రేకుతో గీకేయండి. జీడి బెరడు జిగురు, రంపపు పొట్టు కలిస్తే గట్టి పిండిలా గాడిలో పేరుకుంటుంది, డీజిల్‌తో తడిపితేగానీ ఊడదు. డ్రమ్మును వేళ్ళతో పట్టుకుని ఊపితే పిసరంత కదలిక మామూలే, ఊగులాడితే లోపలి బేరింగ్ సంగతి చూడాలి. క్లచ్ మాత్రం మీరు విప్పకండి. చాలా మిషన్లలో దాని మర తిరగేసి ఉంటుంది. తెలియక మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది.

చైన్, బార్, స్ప్రాకెట్ మూడింటి పిచ్ ఒకటేనా అన్నదీ చూసుకోవాలి. మీ బార్ పెట్టెలో వచ్చింది కాదు కదా. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది. .325 అయితే 8.25 మిల్లీమీటర్లు, 3/8 అయితే 9.5. చైన్ ఒకటి, స్ప్రాకెట్ ఒకటి అయితే అది ఎప్పటికీ సాఫీగా తిరగదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. చైన్ కీలే కారణమని తేలితే నేరుగా షాపుకు వెళ్ళడం ఒకటి. కొన్న కొద్ది రోజుల్లో, ఇంకా పెద్దగా కోయకముందే వెళితే మీ మాటకు బలం ఉంటుంది. "చైన్‌కు వారంటీ లేదు" అనవచ్చు. అరిగిపోయే సామాన్లకు సాధారణంగా ఉండదు కూడా. కానీ ఇక్కడ మీరు అడుగుతున్నది కంపెనీ వారంటీ కాదు, వాళ్ళ చేత్తో కలిపిన కీలు సంగతి. చైన్ బల్ల మీద పెట్టి ఆ కీలు వంచి చూపించండి, ఎక్కువ మాటలు అక్కర్లేదు. బిల్లు, ఫోనులో తీసిన చిన్న వీడియో దగ్గరుంచుకోండి. ససేమిరా అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. కానీ ఒక చైన్ కోసం అంతదూరం పోవాలా అన్నది మీ ఓపిక. రేపు స్పేర్లకు మళ్ళీ అదే షాపుకు వెళ్ళాల్సి రావచ్చు.

మీరే బాగు చేసుకోవడం రెండో దారి. కీలులో నూనె వేసి అటూ ఇటూ వంచుతూ ఉంటే కొంచెం బిగువైనది వదులుతుంది. బాగా అణిగిన రివెట్టు వదలదు. దాన్ని తీసి కొత్త లింకుతో సరైన యంత్రం మీద కలిపించాలి. మళ్ళీ సుత్తి జోలికి పోవద్దు. కలిసిన చోట తెగితే ఆ ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఇంకో సంగతి, మీరు చెయ్యి పెట్టిన తర్వాత షాపాయన "మీరే పాడు చేశారు" అంటాడు. అందుకే ఈ దారి పడితే మొదటి దారి దాదాపు మూసుకుపోతుంది.

మూడోది, ఫ్యాక్టరీలోనే కలిపి వచ్చిన 72 లింకుల చైన్ కొనుక్కోవడం. కొన్ని వందలు ఖర్చు, కానీ తొలకరి ముంచుకొస్తున్నప్పుడు మీ రోజుల విలువ కూడా లెక్కలోకి తీసుకోండి. నేనైతే పాత చైన్ వెనక్కిచ్చి, తేడా డబ్బు కట్టి ఇది తీసుకోవడానికే మొగ్గు చూపుతాను. డ్రమ్ము అని తేలిందా, అప్పుడు కొత్త చైన్ కొనడం దండగ. మిషన్ మొత్తం పట్టుకెళ్ళి వారంటీలో డ్రమ్ము మార్పించుకోవాలి.

కొనే ముందు ఖర్చు లేకుండా తేల్చుకునే ఉపాయం మీ ఇంట్లోనే ఉంది. మావయ్య గారి దగ్గర ఇదే కొలత చైన్ ఉంటే అడిగి తెచ్చి, మీ మిషన్ మీద వేసి చేత్తో లాగి చూడండి. సాఫీగా తిరిగితే మీ చైనే దోషి. ఇంజిన్ మాత్రం దానితో నడపకండి, అరిగిన చైన్ కొత్త స్ప్రాకెట్‌ను తినేస్తుంది. ఆయన చేత్తోనే లాగించండి. మీరు తప్పు అని చెప్పడం కంటే ఆయన వేళ్ళకు తెలియడం మేలు. అద్దెకు కోసే మనిషికి చైన్ పట్టేయడం ఒక్క లాగుతో అర్థమవుతుంది. కొత్త చైన్ వదులవుతుందన్న ఆయన మాట నిజమేనని మీరు ముందే ఒప్పుకుంటే నొచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

మంచి చైన్ చేతికొచ్చాక రాత్రంతా చైన్ ఆయిల్‌లో నానబెట్టండి. కాలిన ఇంజిన్ ఆయిల్ వద్దు. దాంట్లో ఇనుప రజను ఉంటుంది, ఆయిల్ పంపు పోతుంది, ఒంటికీ మంచిది కాదు. ఎక్కించేటప్పుడు బిగువు స్క్రూ కొస బార్ రంధ్రంలో కూర్చుందో లేదో చూసి, నట్లు చేత్తో మాత్రమే తిప్పి వదిలేయండి. ఒక చేత్తో బార్ ముక్కు పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో స్క్రూ తిప్పండి. చైన్ బార్ కింది అంచుకు ఆనాలి, చేత్తో లాగితే తేలిగ్గా కదలాలి. ముక్కు అలా ఎత్తి పట్టుకునే ఉండి, పానాతో నట్లు బిగించండి. ముక్కు వదిలేసి బిగిస్తే మొదటి కొమ్మ కోయగానే బార్ పైకి జరిగి చైన్ లూజవుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి చైన్‌ని తిట్టుకుంటారు.

కాసేపు కట్టెకు ఆనించకుండా సగం వేగంతో తిప్పి, ఆపి, చల్లారాక మళ్ళీ చూడండి. మొదట చిన్న కొమ్మలు కోయండి. ఆ పూట మాటిమాటికీ ఆపి చూసుకోవాల్సిందే. వేడి మీద లూజయిందని పనిలో బిగిస్తే, భోజనానికి ఆపేముందు మళ్ళీ కాస్త వదలండి. చల్లారి కుంచించుకుపోయిన చైన్ బార్‌నీ షాఫ్టునూ పిండేస్తుంది. మొదళ్ళు నేలకు ఆనించి కోయకండి. మీ ఇసుక నేలలో ఒక్కసారి చైన్ మట్టిని తాకితే పళ్ళ పదును పోతుంది. మొద్దుబారిన చైన్ వేడెక్కుతుంది, వేడెక్కింది వదులవుతుంది, మళ్ళీ ఇదే కథ.

పరీక్షలో ఎన్ని లింకులకు ఒకసారి పట్టేసిందో ఆ అంకె రాసి పంపండి. డ్రమ్ము దగ్గర తేలితే మిషన్ మోడల్ పేరు, స్ప్రాకెట్ ఫొటో కూడా జత చేయండి.